48 గంటల వాయిదా వైద్యం

“డీఎన్ఎస్ ప్రాపగేషన్ అవుతోంది సార్. 24 నుంచి 48 గంటలు పడుతుంది. కాస్త ఓపిక పట్టండి.”

సైటును పాత సర్వర్ నుంచి కొత్త సర్వర్‌కి మార్చి, తెల్లారి చూస్తే తెరుచుకోక లబోదిబోమన్న ప్రతివాడూ ఈ మాట వినే ఉంటాడు. హోస్టింగ్ కంపెనీల సహాయ పేజీల్లో ఇదే రాసి ఉంటుంది. కోర్సు చెప్పే మాస్టర్లు ఇదే నేర్పుతారు. వాళ్ల దగ్గర నేర్చుకుని సపోర్టు కుర్చీలో కూర్చున్న కుర్రాళ్లు ఇదే అప్పజెబుతారు. తలపండిన ఇంజినీర్లు సైతం, ఆదివారం భోజనం మధ్యలో ఫోనొస్తే, ఇదే అనేసి మజ్జిగన్నం కలుపుకుంటారు. ఇంతమంది ఒకే మాట అంటుంటే అది శాస్త్రం కాకుండా ఎలా ఉంటుందని మనమూ తలూపుతాం.

నా మటుకు నాకు అది జడ్జిగారు ఫైలు విప్పకుండా వేసిన వాయిదాలా కనిపిస్తుంది. వాయిదా తేదీ ఉంది, కేసు నంబరు ఉంది, లోపల ఏముందో మాత్రం ఎవరూ చదవలేదు. ఈ వ్యాసం ఆ వాయిదా మీదే.

పూర్వపక్షాన్ని ముందు న్యాయంగా చెప్పుకుందాం. సైటు పేరు అడిగితే ఐపీ అడ్రసు చెప్పే వ్యవస్థ డీఎన్ఎస్. సర్వర్ మారితే అడ్రసు మారుతుంది. ఆ మార్పు ప్రపంచంలోని లెక్కలేనన్ని సర్వర్లకు మెల్లగా పాకుతూ పోవాలి. ఎవరికి ఎప్పుడు అందుతుందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి రెండు రోజులు ఆగాలి, అప్పటికీ రాకపోతే అప్పుడు చూసుకోవచ్చు. ఇదీ వాళ్ల వాదం. ఇందులో మొదటి రెండు వాక్యాలు నిజం. మూడో వాక్యం దగ్గర కథ దారి తప్పింది, అక్కణ్ణుంచి చివరిదాకా దారికి రాలేదు.

మొన్న వేసవిలో జరిగింది చెబుతాను. మా బావమరిదికి బెజవాడ పక్కన చిన్న పచ్చళ్ల వ్యాపారం. ఆన్‌లైన్లోనే అమ్మకం. హైదరాబాదుకీ బెంగుళూరుకీ కొరియర్లో వెళ్తాయి, అమెరికాలో మనవాళ్లకి పార్సిళ్లు కడతాడు. మే నెల, ఆవకాయ సీజను. సైటు నెమ్మదిగా ఉందని శుక్రవారం రాత్రి కొత్త కంపెనీ సర్వర్‌కి మార్పించాడు. శనివారం పొద్దున ఇంట్లో వైఫైలో చూస్తే సైటు ఉంది గానీ, “ఈ కనెక్షన్ సురక్షితం కాదు” అని బ్రౌజర్ అడ్డం పడుతోంది. వైఫై ఆపేసి ఫోన్ డేటాలో చూస్తే పచ్చళ్లూ లేవు, పొడులూ లేవు. పాత కంపెనీవాళ్ల ఖాళీ పేజీ ఒకటి పలకరిస్తోంది. సపోర్టుకి ఫోన్ చేస్తే పై మంత్రం చదివారు. ఆదివారం చేస్తే మళ్లీ చదివారు.

సోమవారం రాత్రి నాకు ఫోన్ చేశాడు. “బావా, మూడు రోజులైంది. ఇంకా ప్రాపగేషనే అంటున్నారు. డాలస్ నుంచి ఒకావిడ ఫోన్ చేసి దుకాణం ఎత్తేశారా అనడిగింది.”

నేను ముందు చూసింది ఒక్క అంకె. ఆ సైటు అడ్రసు రికార్డు పక్కన ఉండే టీటీఎల్. 3600 అని ఉంది. 3600 సెకన్లంటే గంట. అంటే పాత అడ్రసు ఎవరి దగ్గర నిల్వ ఉన్నా గంటకు మించి ఉండకూడదు. శుక్రవారం రాత్రి మార్చిన అడ్రసు శనివారం తెల్లవారకముందే అందరికీ పాతబడి ఉండాలి. మరి సోమవారం రాత్రి దాకా పాకుతున్నది ఏమిటి?

ఆ జవాబుకి తర్వాత వద్దాం. ముందు ఈ “పాకడం” సంగతి తేలాలి.

ఇంటర్నెట్టులో ఒకప్పుడు అడ్రసులు నిజంగానే పాకేవి. దాని పూర్వరూపమైన ఆర్పానెట్ కాలంలో పేర్లూ అడ్రసులూ అన్నీ కలిపి ఒకే ఒక్క ఫైల్లో ఉండేవి. స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో దాన్ని నిర్వహించేవారు. ఎక్కడ కొత్త యంత్రం చేరినా అక్కడికి కబురు పెట్టాలి, వాళ్లు ఫైల్లో ఎక్కించాలి, మిగతా అందరూ వచ్చి ఆ ఫైలును తమ యంత్రాల్లోకి కాపీ చేసుకోవాలి. కాపీ చేసుకోనివాడికి కొత్త అడ్రసు తెలియదు. ఊరూరా టముకు వేయించడం లాంటిదే అది. పక్క ఊరి దాకా టముకు రావడానికి పట్టే సమయం నిజంగానే ఎవరి చేతుల్లోనూ ఉండదు.

ఆ పద్ధతి పని చేయకనే 1983లో పాల్ మాకపెట్రిస్ డీఎన్ఎస్‌ని రూపొందించాడు. 1987 నవంబరులో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1034, 1035 పత్రాలే నేటికీ దానికి పునాది. ఇందులో టముకు వేసేవాడే లేడు. సైటు యజమాని అడ్రసు మార్చగానే ప్రపంచానికి కబురేమీ వెళ్లదు. అధికారిక నేమ్ సర్వర్లో కొత్త అడ్రసు రాసి ఉంటుంది, అంతే. ఎవరైనా సైటు తెరవబోయినప్పుడు వాళ్ల ఇంటర్నెట్ కంపెనీ నడిపే రిజాల్వర్ అనే సర్వర్ వచ్చి అడుగుతుంది. “అడ్రసు ఇది, ఇన్ని సెకన్లు చెల్లుతుంది” అని జవాబొస్తుంది. ఆ సెకన్లు గడిచేదాకా రిజాల్వర్ తన దగ్గరున్న జవాబునే వాడుకుంటుంది. గడిచాక ఎవరైనా అడిగితే మళ్లీ వచ్చి కొత్తగా తెలుసుకుంటుంది.

పాల ప్యాకెట్టు మీద తేదీ ఉన్నట్టే. మీ ఫ్రిజ్‌లో ఉన్న ప్యాకెట్టు తేదీ దాటాక పారేసి కొత్తది తెస్తారు. పాడి రైతు దగ్గర గేదె మారిందన్న సంగతి మీ ఫ్రిజ్‌లోకి “పాకి” రావలసిన అవసరం లేదు. ఇక్కడ జరిగేది వ్యాపించడం కాదు, గడువు తీరడం. మాటల తేడా అని కొట్టిపారేయకండి. వ్యాపించేదానికి గడువు ఎవరూ చెప్పలేరు. గడువు తీరేదానికి తేదీ ప్యాకెట్టు మీదే ఉంటుంది. ఏ మాట వాడుతున్నామన్నదాన్ని బట్టి, లెక్క కడతామా, చేతులెత్తేస్తామా అన్నది తేలిపోతోంది.

నమ్మనివాళ్లు కళ్లారా చూడొచ్చు. లినక్సులోనూ మ్యాక్‌లోనూ “డిగ్” అనే కమాండ్ ఉంటుంది. మీ రిజాల్వర్‌ని సైటు పేరు అడగండి. అడ్రసు పక్కన 3412 అని కనిపించిందనుకోండి. పది సెకన్లు ఆగి మళ్లీ అడగండి, 3402 అంటుంది. టిఫిన్ చేసి వచ్చి అడగండి, ఇంకా తగ్గి ఉంటుంది. సున్నాకు చేరాక ఒకసారి అడిగితే అంకె మళ్లీ మొదటికొస్తుంది, అడ్రసు మారి ఉంటే కొత్త అడ్రసుతో వస్తుంది. పొయ్యి మీద పాలు పెట్టి గడియారం చూసినట్టు చూడొచ్చు. సెకన్లలో లెక్క చూపించే వ్యవస్థను పట్టుకుని “24 నుంచి 48 గంటలు” అనడం, రైలు ఎక్కడుందో తెర మీద కనిపిస్తుంటే “ఇవాళో రేపో వస్తుంది” అన్నట్టుంటుంది.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. ఒకే కంపెనీకి చెందిన నాలుగైదు నేమ్ సర్వర్ల మధ్య మాత్రం కొత్త సమాచారం ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లాల్సి ఉంటుంది. అక్కడ కాస్త పాకడం ఉంది. మార్పు జరగ్గానే మిగతావాటికి తెలియజేసే పద్ధతి 1996లోనే ప్రమాణంగా వచ్చింది. అది మామూలుగా సెకన్ల పని, మహా అయితే నిమిషాల పని. దాన్ని చూపించి రెండు రోజులు అడగడం కుదరదు.

మరి 48 అన్న అంకె ఎక్కడిది? గాల్లోంచి ఊడిపడలేదు. డాట్ కామ్ పేర్లన్నిటికీ పైన, “ఫలానా సైటు సంగతి ఫలానా నేమ్ సర్వర్లని అడగండి” అని దారి చూపించే రికార్డులుంటాయి. వాటి టీటీఎల్ 172800 సెకన్లు. సరిగ్గా 48 గంటలు. అదీ దాని పుట్టుక. అంటే మీరు నేమ్ సర్వర్లనే మార్చినప్పుడు మాత్రమే ఆ అంకెతో మీకు పని. నేమ్ సర్వర్లు అవే ఉంచి అడ్రసు రికార్డు ఒక్కటే మార్చితే, మీ రికార్డు మీద మీరు రాసుకున్న టీటీఎల్ ఒక్కటే లెక్క. అది 3600 అయితే గంట, 14400 అయితే నాలుగు గంటలు, 300 అయితే అయిదు నిమిషాలు. రెండు వేర్వేరు పనులకు ఒకే అంకె చెప్పడం, తిరుపతి టిక్కెట్టు ధరే తెనాలికీ వసూలు చేయడం లాంటిది.

ఈ అంకెకు వయసు కూడా ఎక్కువే. 2004కి ముందు డాట్ కామ్ జాబితానే రోజుకి రెండుసార్లు మాత్రం కొత్తగా అచ్చయ్యేది. ఆ ఏడాది నుంచి మార్పులు నిమిషాల్లో ఎక్కుతున్నాయి. జాబితా వేగం మారింది, చెప్పే మంత్రం మాత్రం మారలేదు.

పోనీ, నేమ్ సర్వర్లే మార్చారనుకుందాం. అప్పుడైనా 48 గంటలు ఆగాలా? అక్కర్లేదు. పాత నేమ్ సర్వర్లని వెంటనే మూసేయకుండా, వాటిలో కూడా అడ్రసును కొత్త సర్వర్‌కి మార్చేయండి. ఇక ఎవడు పాత దారిన వెళ్లి అడిగినా, కొత్త దారిన వెళ్లి అడిగినా ఒకటే జవాబు వస్తుంది. ఇల్లు మారినప్పుడు పాత ఇంటి గేటుకి కొత్త చిరునామా రాసిన అట్టముక్క వేలాడదీసి వెళ్లడం తెలియనివాళ్లెవరు? ఆ అట్టముక్కతో 48 గంటల గండం గడిచిపోతుంది. సపోర్టు ఫోన్లలో ఈ అట్టముక్క మాట నాకింతవరకూ వినిపించలేదు.

ఇప్పుడు అవతలివాళ్ల బలమైన వాదన చూద్దాం. “పుస్తకంలో టీటీఎల్ ఉంటుంది గానీ, మన దేశంలో ఇంటర్నెట్ కంపెనీలు దాన్ని లెక్కచేయవు, తమ ఇష్టమొచ్చినంతసేపు దాచుకుంటాయి” అంటారు. రిజాల్వర్లు టీటీఎల్‌ని తమ హద్దుల్లోకి సర్దుకోవడం నిజం. అయితే ఆ హద్దులు ఎక్కువగా పైనుంచి కోసేవే. బాగా వాడుకలో ఉన్న అన్‌బౌండ్ అనే రిజాల్వర్, మీరు ఎంత పెద్ద టీటీఎల్ రాసినా, సెట్టింగు మార్చకపోతే ఒక రోజుకే కుదించేస్తుంది. బైండ్ అనేది వారానికి కుదిస్తుంది. కుదించే హద్దును చూపించి నిడివి పెంచుకోమనడం తర్కం కాదు. కొన్నిచోట్ల చిన్న టీటీఎల్‌ని కాస్త పెంచేవాళ్లు ఉండొచ్చు. ఉంటే, ఆ కనెక్షన్ మీద డిగ్ కొడితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. తేల్చకుండా నింద వేయడం, అత్త మీద కోపం దుత్త మీద చూపడమే.

పైగా నిజంగా టీటీఎల్‌ని లెక్కచేయని మొండిఘటాలు 48 గంటలకూ లొంగవు. ఎంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ తన కాన్ఫిగ్ ఫైల్లో రాసిన వెనకాల సర్వర్ పేర్లను మామూలుగా మొదలైనప్పుడే అడ్రసులుగా మార్చుకుని, రీలోడ్ చేసేదాకా వాటినే పట్టుకుని కూర్చుంటుంది. దాన్ని రీలోడ్ చేయాలి. నెల్లాళ్లు ఆగినా అది కదలదు. కాబట్టి ఓపిక అన్న మందు ఇక్కడా పనికిరాదు.

రెండో వాదన అనుభవం నుంచి వస్తుంది. “ఏమో సార్, మేం ఆగమన్నాం, వాళ్లు ఆగారు, వచ్చింది కదా.” మన తర్కశాస్త్రంలో దీనికి ఎప్పుడో పేరు పెట్టారు. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకతాళీయం. గంటలో తీరిపోయే గడువుకి రెండు రోజులు ఆగమంటే తప్పకుండా వస్తుంది. జలుబుకి మందేసుకుంటే వారంలో తగ్గుతుంది, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుంది. ఈ రెండు రోజుల్లో అవతల ఎవరో ఇంజినీరు చప్పుడు చేయకుండా ఒక సెట్టింగు సరిచేసి ఉంటాడు, ఆ పుణ్యం కూడా ప్రాపగేషన్ ఖాతాలోనే పడుతుంది.

అసలు విషయం ఇంకోటుంది. సర్వర్ మారాక సైటు తెరుచుకోకపోవడానికి కారణాలు ఒక సంతంత ఉంటాయి. డీఎన్ఎస్ అందులో ఒక కొట్టు. ఏ కొట్టులో సరుకు పోయిందో తెర మీద వచ్చిన మాటే చెబుతుంది, చదివితే. పేరే దొరకలేదని బ్రౌజర్ అంటే అది డీఎన్ఎస్ సమస్య. 404, 403, 500, 502 అని ఏ అంకె కనిపించినా డీఎన్ఎస్ తన పని తాను చేసేసినట్టే. పేరు అడ్రసుగా మారింది, అడ్రసు దాకా వెళ్లారు, తలుపు తట్టారు, లోపలివాడు పలికాడు. పలికినవాడు మన కొత్త సర్వరేనా అన్నది ఒక్కసారి చూసుకుంటే చాలు. పలికాక కూడా “దారి ఇంకా పడలేదు” అంటే నవ్వొస్తుంది.

“కనెక్షన్ రెఫ్యూజ్డ్” అంటే యంత్రం ఉంది, ఆ పోర్టు దగ్గర వెబ్ సర్వర్ నడవడం లేదు. చాలాసేపు తిరిగి తిరిగి “టైమ్డ్ అవుట్” అంటే మధ్యలో ఫైర్‌వాల్ మింగేస్తూ ఉండొచ్చు. క్లౌడ్‌లో కొత్త యంత్రం తీసుకుని 443 పోర్టు తెరవడం మర్చిపోవడం నిత్యం జరిగేదే. “వెల్‌కం టు ఎంజిన్‌ఎక్స్” అని తెల్ల పేజీ వస్తే సర్వర్ నడుస్తోంది, మీ సైటు పేరు దానికి ఎవరూ పరిచయం చేయలేదు. డేటాబేస్ కనెక్షన్ కుదరలేదని వర్డ్‌ప్రెస్ చెబితే, కాన్ఫిగ్ ఫైల్లో పాత సర్వర్ యూజరూ పాస్‌వర్డూ అలాగే ఉండిపోయి ఉండొచ్చు. మొత్తం తెల్లగా వస్తే పీహెచ్‌పీ వెర్షన్ చూడండి. మైఎస్‌క్యూఎల్‌తో మాట్లాడే పాత ఫంక్షన్లను 2015 చివర్లో వచ్చిన పీహెచ్‌పీ 7.0 పూర్తిగా తీసేసింది, పాత కోడు అక్కడ కూలబడుతుంది. బొమ్మలు మాత్రమే రాకపోతే, విండోస్ సర్వర్ మీద పెద్ద అక్షరమైనా చిన్న అక్షరమైనా ఒకటేననుకున్న ఫైలు పేర్లను లినక్సు ఒప్పుకోకపోతూ ఉండొచ్చు. వీటిలో ఏ ఒక్కటీ ఆగితే బాగుపడదు. వీటన్నిటికీ ఆగమనే చెబుతున్నారు.

డీఎన్ఎస్ నేరస్థుడో కాదో తేల్చడానికి ఒక్క పరీక్ష చాలు. మీ కంప్యూటర్లో హోస్ట్స్ అనే చిన్న ఫైలుంటుంది. అందులో కొత్త సర్వర్ ఐపీ అడ్రసు రాసి, పక్కన సైటు పేరు రాసి సేవ్ చేయండి. ఇక మీ కంప్యూటర్ ఆ పేరు కోసం డీఎన్ఎస్‌ని అడగదు, నేరుగా కొత్త సర్వర్‌కే వెళ్తుంది. అప్పుడూ సైటు రాకపోతే డీఎన్ఎస్ నిర్దోషి, తప్పు సర్వర్‌ది. వస్తే అడ్రసు సంగతి చూడాలి. అయిదు నిమిషాల పని. పరీక్ష అయ్యాక ఆ వరస తీసేయడం మర్చిపోవద్దు, లేకపోతే ఇంకో ఏడాదికి ఇంకో సర్వర్ మార్చినప్పుడు మీ ఒక్కరికే సైటు రాదు. ఈ పరీక్షను సర్వర్ మార్చాక కాదు, మార్చకముందే చేయాలి. కొత్త ఇంట్లో నీళ్లొస్తున్నాయో లేదో సామాను దించాక చూసుకునేవాడు ఉంటాడా?

“సరే, ఆగితే పోయేదేముంది? రెండు రోజులేగా” అంటారు చివరికి. పోయేది చాలానే ఉంది. ఆ రెండు రోజులూ కొందరు పాత సర్వర్‌కి వెళ్తారు, కొందరు కొత్తదానికి వెళ్తారు. పాతది ఇంకా నడుస్తుంటే ఆర్డర్లు రెండు డేటాబేసుల్లో పడతాయి. పాతది మూసేశాక సగం ఆర్డర్లు దాంతోపాటే మట్టిలో కలుస్తాయి. నేమ్ సర్వర్లు మార్చినప్పుడు మెయిల్ రికార్డులు కొత్త చోట ఎక్కించకపోతే, వచ్చే ఉత్తరాలన్నీ తిరుగు టపాలో పోతాయి. ఆగిన కొద్దీ నష్టం పెరుగుతుంది.

తెలుగు సైట్లకైతే ఇంకో ప్రమాదం ప్రత్యేకం. నాకు తెలిసిన ఒక సాహిత్య పత్రిక పాత సంచికల సైటును కొత్త సర్వర్‌కి మార్చారు. సైటు తెరుచుకుంది, తెలుగు కనిపించలేదు. పేజీ నిండా నెత్తిన ఏటవాలు గీత ఉన్న ఇంగ్లిష్ చిన్న ఏ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తు, ఆ పక్కన ఏదో పిచ్చిగీత. వరసగా అదే. “క్యాష్ క్లియర్ చేసి రెండు రోజులు చూడండి” అన్నారు. చూసేవాడికి అది పిచ్చిగీతే గానీ, తెలిసినవాడికి అది వేలిముద్ర. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరానికీ మూడు బైట్లు. మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింటిలో ఒకటి. ఆ బైట్లను లాటిన్-1గా చదివితే మొదటిది ఆ గీత పెట్టిన ఏ, రెండోది డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో అవుతుంది. పేజీ నిండా అదే జంట కనిపిస్తే, కొత్త సర్వర్ డేటాబేసు తెలుగును లాటిన్ అనుకుని చదువుతోందని తేలిపోయినట్టే. డేటా పోలేదు, కళ్లద్దాలు తప్పు.

అదే చోట ప్రశ్నార్థకాలు వరసగా కనిపిస్తే సంగతి వేరు. అక్షరాలు ఎక్కించేటప్పుడే ప్రశ్నార్థకాలుగా మారిపోయి ఉండొచ్చు, అలాంటప్పుడు బ్యాకప్ తప్ప దిక్కులేదు. ఈ రెంటికీ తేడా తెలుసుకోకుండా ఆగితే ఏమవుతుందో ఆ పత్రికలో చూశాను. ఆ రెండు రోజుల్లో ఎడిటరుగారు కొత్త వ్యాసాలు ఎక్కించారు. అవి ఒక రకంగా, పాతవి ఇంకో రకంగా నిల్వ అయ్యాయి. మొదటిరోజు ఒక్క సెట్టింగుతో పోయేది, మూడోరోజుకి చిక్కుపడిన దారపుండ అయింది.

ఇక మా బావమరిది కేసు. వైఫైలో కొత్త సర్వర్, ఫోన్ డేటాలో పాత సర్వర్. మామూలు కంటికి ఇది అచ్చం ప్రాపగేషనే. ఒకరికి చేరింది, ఇంకొకరికి చేరలేదు అన్నట్టే ఉంటుంది. కానీ అంకెలు అలా అనడం లేదు. గంట గడువున్న జవాబు మూడు రోజులు బతకదు. అంటే ఫోన్ డేటాకి పాత అడ్రసు ఎక్కడో ఇప్పటికీ తాజాగా అందుతోంది. రికార్డుల జాబితా మొత్తం తెరిపించాను. “ఏ” అనే అడ్రసు రికార్డు కొత్త సర్వర్‌కి మారింది. దాని కింద ఇంకో వరస ఉంది, క్వాడ్ ఏ రికార్డు, ఐపీవీ6 అనే కొత్త రకం అడ్రసు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అది పాత కంపెనీదే.

మన దేశంలో మొబైల్ నెట్‌వర్కుల్లో ఐపీవీ6 బాగా ఎక్కువ. 2016లో వచ్చిన జియో మొదటినుంచీ దాని మీదే నడుస్తోంది. ఐపీవీ6 ఉన్న ఫోను ముందు ఆ అడ్రసుకే వెళ్తుంది. అక్కడ ఎవరూ పలకకపోతే పాత రకం అడ్రసుకి మళ్లుతుంది. కానీ పాత కంపెనీ సర్వర్ చక్కగా పలుకుతోంది, తన ఖాళీ పేజీ చూపిస్తోంది. ఇక ఫోను మళ్లాల్సిన పనేముంది? మావాడి ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కి ఐపీవీ6 లేదు కాబట్టి అక్కడ కొత్త సర్వరే కనిపించింది. డాలస్ ఆవిడ ఇంట్లో ఐపీవీ6 ఉండి ఉంటుంది.

“సురక్షితం కాదు” అన్న హెచ్చరికకీ మూలం ఇదే. కొత్త సర్వర్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ దగ్గర ఉచిత సర్టిఫికెట్ కోసం దరఖాస్తు పెట్టింది. ఈ సైటు నిజంగా నీదేనా అని వాళ్లు తనిఖీకి వచ్చేటప్పుడు, ఐపీవీ6 అడ్రసు ఉంటే ముందు దానికే వెళ్తారు. వెళ్లింది పాత సర్వర్‌కి. అక్కడ ఆనవాలు దొరకలేదు, దరఖాస్తు తిప్పికొట్టారు. ఆ తిరస్కరణ కొత్త సర్వర్ లాగ్‌లో, ఏ అడ్రసుకి వెళ్లి భంగపడ్డారో దాంతో సహా, శనివారం పొద్దుటినుంచీ రాసి ఉంది. మూడు రోజులూ సపోర్టువాళ్లు తెరవని ఫైలది.

రాత్రి 9:40కి ఆ వరస తీయించాను. “దీని గడువూ గంటే. 10:40 దాటాక కూడా ఎవరికైనా పాత పేజీ కనిపిస్తే నాకు ఫోన్ చెయ్” అన్నాను. సర్టిఫికెట్‌కి మళ్లీ దరఖాస్తు పెడితే నిమిషంలో వచ్చింది. 10:25కి వాడి ఫోన్లో ఆవకాయ కనిపించింది. 10:40 దాటాక ఫోన్ రాలేదు.

ఆగాల్సిన సందర్భాలు అసలు లేవని నేననడం లేదు. 2021 సెప్టెంబరు 30న స్లాక్ అనే ఆఫీసు సందేశాల సేవ డీఎన్ఎస్‌సెక్ అనే సంతకాల పద్ధతికి మారబోయి, తేడా వచ్చి వెనక్కి తీసుకుంది. సంతకాలు తీసేశారు గానీ, “ఈ పేరుకి సంతకం ఉండి తీరాలి” అని చెప్పే డీఎస్ రికార్డు రిజాల్వర్ల దగ్గర 24 గంటల గడువుతో నిల్వ ఉండిపోయింది. సంతకం లేని జవాబును అవి తిరగ్గొట్టాయి. కొందరు వాడుకదారులకు స్లాక్ రాలేదు. అక్కడ నిజంగానే గడువు తీరేదాకా తిప్పలే. అయినా వాళ్లు ఏ రికార్డో చెప్పారు, ఎన్ని గంటలో చెప్పారు, ఇంటర్నెట్ కంపెనీలను అడిగి నిల్వలు తుడిపించారు. ఆగడమంటే అలా ఉండాలి. ఏ రికార్డు కోసం, ఏ క్షణం దాకా అన్నది తెలిసి ఆగడం వేరు.

మనమే తెచ్చిపెట్టుకునే ఆగడం కూడా ఒకటుంది. కొత్త పేరుకి రికార్డు పెట్టకముందే ఉత్సాహం కొద్దీ బ్రౌజర్లో కొట్టి చూస్తాం. “అలాంటి పేరు లేదు” అన్న జవాబును కూడా రిజాల్వర్లు దాచుకుంటాయి. 1998 నాటి ఆర్ఎఫ్‌సీ 2308 ప్రకారం దానికీ గడువుంది, అదీ ముందే రాసి ఉంటుంది. ముందు రికార్డు పెట్టి, తర్వాత పేరు కొడితే ఆ గడువుతో పనే పడదు.

సపోర్టులో కూర్చున్న కుర్రాడి మీద నాకు కోపం లేదు. గంటకి ఇన్ని ఫోన్లు తెగ్గొట్టాలని లెక్క పెట్టినవాళ్లకి 48 గంటలు బంగారం లాంటి జవాబు. ఆ గంటల్లో కస్టమర్ మళ్లీ ఫోన్ చేయడు, చేసినా వేరే షిఫ్టు కుర్రాడు ఎత్తుతాడు. తప్పు ఆ స్క్రిప్టు రాసిచ్చినవాళ్లది, దాన్ని శాస్త్రమని నేర్పినవాళ్లది. “మీ రికార్డు టీటీఎల్ 14400, మార్చింది మధ్యాహ్నం 12కి, కాబట్టి 4 గంటలు దాటాక కూడా రాకపోతే తప్పు మాది” అని చెప్పడానికి అదనంగా పట్టేది అరనిమిషం. ఆ వాక్యానికీ పాత వాక్యానికీ ఒక్కటే తేడా. ఇందులో చెప్పినవాడు తప్పు పట్టుబడటానికి ఒప్పుకుంటున్నాడు.

మార్చేముందు చేయాల్సిన పని కూడా ఇంతే చిన్నది. పాత టీటీఎల్ ఎంతో చూడండి. కనీసం అంత సమయం ముందుగా దాన్ని 300కి తగ్గించండి. ఏ, క్వాడ్ ఏ, మెయిల్, అన్ని రికార్డులూ ఒక కాగితం మీద రాసుకోండి. హోస్ట్స్ ఫైలుతో కొత్త సర్వర్‌ని పరీక్షించండి. మార్చండి. అయిదు నిమిషాల తర్వాత పాత సర్వర్ లాగ్‌లో ఇంకా ఎవరు వస్తున్నారో చూడండి. అంతా కుదుటపడ్డాక టీటీఎల్ పెంచుకోండి.

ఈసారి మీకెవరైనా 48 గంటలు ఆగమంటే గొడవ పడకండి. “మా రికార్డు టీటీఎల్ ఎంతండీ?” అని మాత్రం అడగండి. అవతలినుంచి అంకె వినిపిస్తే, అది అయ్యేదాకా ఆగండి. “ఒక్క నిమిషం లైన్లో ఉండండి సార్” అని పాట వినిపించారా, ఇప్పటిదాకా ఎవరూ ఫైలు విప్పలేదని అర్థం. లైన్లోనే ఉండండి. ఇప్పుడు విప్పుతున్నారు.